అద్దం అవతలావిడ

ప్రొడ్యూసరు అనగానే మన కళ్లముందు మెదిలే మనిషి ఒకడున్నాడు. తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు, చేతికి నాలుగు ఉంగరాలు, వెనకాల సూట్‌కేసు మోసే గుమాస్తా. హీరోగారికి కాఫీ ఆలస్యమైతే కంగారుపడేదీ ఆయనే, సినిమా పోతే ఇల్లు అమ్ముకునేదీ ఆయనే. మన సినిమాలే ఆయన బొమ్మ గీసి మనకి చూపించాయి.

కానీ ప్రొడ్యూసర్లలో ఇంకో జాతి ఉంది. వాళ్లకి ఉంగరాలుండవు. సంచీలో డబ్బుండదు, టేపు చుట్టలుంటాయి. వాళ్లు పాట రాయరు. చాలాసార్లు పాడరు కూడా. స్టూడియోలో అద్దానికి అవతల కూచుని, ఇవతల పాడేవాళ్లకేసి చూస్తూ చెయ్యి ఊపి, "ఊఁ, కానివ్వండి" అంటారు. అంతే. పెళ్లింట్లో వంటింటి గడప దగ్గర ఒక పెద్దావిడ నిలబడి ఉంటుంది చూడండి, ఆవిడలాంటివాళ్లన్నమాట. ఆవిడ వండదు, వడ్డించదు, తినడం అందరికన్నా ఆఖర్న. అయినా ఆవిడ ఓ పది నిమిషాలు పక్కకి వెళ్లిందంటే, పప్పు వచ్చిన బంతికి నెయ్యి రాదు. పెరుగు వచ్చేసరికి సగంమంది చెయ్యి కడిగేసుకుని ఉంటారు.

ఈ జాతివాళ్లలోనూ జానపద సంగీతం ప్రొడ్యూసర్లంటే నాకు మరీ ఇష్టం. సినిమా పాటకి కవిగారుంటారు, సంగీత దర్శకుడుంటాడు, ఎవరి పేరు వాళ్లకుంటుంది. పొలంలో పుట్టిన పాటకి అమ్మా నాన్నా ఎవరో తెలీదు. దాన్ని చెయ్యి పట్టుకుని పట్నం తీసుకొచ్చి, నలుగురి మధ్యా కూచోబెట్టే బాధ్యత అద్దం అవతలి మనిషిదే.

అమెరికాలో ఈ పనికి బోలెడంత వైభవం ఉంది. వాళ్ల కంట్రీ మ్యూజిక్ మన జానపదానికి దూరపు చుట్టమే అనుకోవచ్చు. కొండల్లోనూ చేలల్లోనూ ఇంటి అరుగుల మీదా పాడుకున్న పాటలే వాళ్లవీను. 1927లో రాల్ఫ్ పీర్ అనే ఆయన విక్టర్ రికార్డు కంపెనీ తరఫున బ్రిస్టల్ అనే చిన్న ఊళ్లో మకాం పెట్టి, చుట్టుపక్కల కొండలవాళ్లని పాడమని పిలిచాడు. ఒక్కో పాటకి యాభై డాలర్లు. కొండ దారిన పాత కారులో ముగ్గురు వచ్చారు. ఏ.పి. కార్టర్, ఆయన భార్య సారా, మరదలు మేబెల్. సారా ఒళ్లో చంటిపిల్లాడు. పద్ధెనిమిదేళ్ల మేబెల్ నిండు గర్భిణి, చేతిలో గిటారు. ఆడవాళ్లు ఎక్కడైనా అంతే, పాడాలన్నా చంకలో పిల్లాణ్ణి దించి పాడాల్సిందే కదా! ఆ రెండు రోజుల పాటలతోనే కంట్రీ మ్యూజిక్ ఇల్లు కట్టిందంటారు.

తర్వాత ఆ సంగీతం నాష్‌విల్ నగరం చేరింది. అక్కడ ఓవెన్ బ్రాడ్లీ, చెట్ అట్కిన్స్ అనే ప్రొడ్యూసర్లు మహా ప్రసిద్ధులు. పల్లెటూరి ఫిడేలు మోత తగ్గించి, వయొలిన్ల బృందాన్నీ వెనకాల కోరస్‌నీ పెట్టి, పాటకి పట్నం నునుపు తెచ్చారు. మీ నాష్‌విల్ సౌండ్ అంటే ఏమిటండీ అని ఎవరో అడిగితే, అట్కిన్స్‌గారు జేబులో చిల్లర గలగలలాడించి, ఇదిగో ఇదే అన్నారట. హాస్యానికే అన్నా, నిజం చెప్పారు. పాట బాగా అమ్ముడుపోయింది. కాకపోతే, పాట నునుపెక్కినకొద్దీ మట్టి కొంత రాలిపోయిందని బాధపడ్డవాళ్లూ ఉన్నారు.

మరి మన తెలుగునాట ఈ పని చేసి పేరు తెచ్చుకున్నవాళ్లెవరని చూస్తే, నాకు ముందుగా తోచేది ఒక స్త్రీ పేరు. వింజమూరి సీతగారు. సీతాదేవిగారనీ అంటారు. హైదరాబాదు ఆకాశవాణిలో జానపద సంగీతం ప్రొడ్యూసరుగా పనిచేశారు.

సీతగారిదీ అక్క అనసూయగారిదీ కాకినాడ. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు వాళ్లకి మేనమామ. తల్లి వెంకటరత్నమ్మగారు "అనసూయ" అనే స్త్రీల పత్రిక నడిపిన మనిషి. 1920లో పుట్టిన పెద్దమ్మాయి పేరూ, పత్రిక పేరూ ఒకటే. ఇంటినిండా కవిత్వం, నాటకం, సంస్కృతం. అలాంటి ఇంట పుట్టిన పిల్లలు ఏం పాడాలి? త్యాగరాజ కీర్తన పాడాలి, మహా అయితే మేనమామగారి భావగీతం పాడాలి. పాడారు, చాలా గొప్పగా పాడారు. దాంతో ఊరుకోక, దంపుళ్ల పాటలూ నాట్ల పాటలూ బావామరదళ్ల సరసాల పాటలూ తీసుకెళ్లి, హార్మోనియం పెట్టుకుని, పెద్ద పెద్ద సభల్లో పాడారు. గ్రామఫోను రికార్డుల మీదికీ ఎక్కించారు.

ఇందులో ఏముంది విశేషం అనుకుంటారేమో. ఆ రోజుల్లో పెళ్లిచూపుల్లో "అమ్మాయి ఏదైనా పాట పాడుతుందా?" అని అడిగితే, కూలిజనం పాడుకునే నాట్ల పాట ఎత్తుకునే ధైర్యం ఏ పిల్లకుండేది? మగపెళ్లివారు బజ్జీ పళ్లెం కింద పెట్టి లేచిపోయేవారు. పొలంలో పాడేది పాటే కాదు, పనిమనుషుల అరుపు అనుకున్న కాలం అది. ఆ పాటకి వేదిక మీద చాప వేసి, "కూచో తల్లీ, నువ్వూ సంగీతానివే" అన్నవాళ్లు ఈ అక్కాచెల్లెళ్లు.

సీతగారి జీవితంలో రెండో భాగం రేడియో. 1950లలో ఆకాశవాణివారు కవుల్నీ కళాకారుల్నీ ప్రొడ్యూసర్లుగా తీసుకునే పద్ధతి పెట్టారు. మేనమామ కృష్ణశాస్త్రిగారూ హైదరాబాదు కేంద్రంలో పనిచేసినవారే. ఆ కేంద్రం నిజాం కాలంలో దక్కన్ రేడియో. 1950లో ఆకాశవాణిలో కలిసింది. చుట్టూ తెలంగాణ పల్లెలు, ఒక్కో పల్లెకి ఒక్కో యాస, ఒక్కో వరస.

రేడియోలో జానపద సంగీతం ప్రొడ్యూసరంటే ఏం పనో కాస్త చెప్పాలి. ముందుగా ఆడిషను. పాడటానికి వచ్చినవాళ్లకి పరీక్ష పెట్టి గ్రేడు ఇవ్వాలి. శాస్త్రీయ సంగీతమైతే రాగం ఏది, తాళం ఏది అని అడగొచ్చు. పొలంలో పాడే మనిషిని ఏం అడుగుతారు? ఆవిడకి సరిగమలు తెలీవు, శ్రుతిపెట్టె చూసి ఎరగదు. కానీ వందమంది మధ్య పాట ఎత్తుకుందంటే వరస తప్పదు. గాజుగది, ఎర్రదీపం, నోటిముందు ఇనప మైకు చూసేసరికి గొంతు పెగలదు. ఆ గొంతు పెగిలేలా చెయ్యడమే మొదటి విద్య. టీ ఇప్పించాలి, ఊరి సంగతులడగాలి, "మైకు సంగతి మర్చిపో, నీ ఎదురుగా నీ వదినె ఉందనుకో" అనాలి.

రెండోది కొలత. పాత గ్రామఫోను రికార్డు ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలు. రేడియోలో ఇంకో రెండు నిమిషాలు దొరికితే అదృష్టం. పొలంలో పాట కొలత నిమిషాలు కాదు, మడి. ఈ గట్టు దగ్గర ఎత్తుకుంటే ఆ గట్టు చేరేదాకా సాగాలి. బతుకమ్మ పాటైతే పళ్లెంలో ఫలహారం పంచేదాకా ఆపరు. అంత పాటలో ఏ చరణాలు ఉంచాలి, ఏవి తియ్యాలి? గోంగూర బాగుచేసినట్టు కాడ తీసి ఆకు ఉంచడానికి వీల్లేదు. పాటలో కాడా రుచే. ఒక్కో చరణం అనవసరంలా ఉంటుంది, తీసేస్తే పాట కథే తెలీదు.

మూడోది అన్నిటికన్నా కష్టం. యాస. పుస్తకంలో ఉన్నట్టు దిద్దితే అందరికీ అర్థమవుతుంది, పాట చచ్చిపోతుంది. దిద్దకపోతే పాట బతుకుతుంది, పక్క జిల్లావాళ్లు "ఏమిటీ భాష?" అని ఉత్తరం రాస్తారు. ఆ ఉత్తరానికి జవాబు చెప్పుకోవలసిందీ ప్రొడ్యూసరే.

కాకినాడలో పుట్టిన సీతగారికి తెలంగాణ పాట పట్టుబడిందా అని ఎవరికైనా అనుమానం వస్తే, దానికి జవాబు మా జిల్లాలోనే ఉంది. "మా భూమి" సినిమా 1979లో తయారై 1980లో విడుదలైంది. గౌతమ్ ఘోష్ దర్శకుడు, బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలు. కిషన్ చందర్ ఉర్దూలో రాసిన "జబ్ ఖేత్ జాగే" నవల దానికి ఆధారం. షూటింగు జరిగింది మెదక్ జిల్లా మంగళపర్తి గ్రామంలో. సంగారెడ్డి అప్పుడు ఆ జిల్లాకి ముఖ్యపట్నం. 2016లో జిల్లాలు విడగొట్టాకే సంగారెడ్డి వేరే జిల్లా అయింది. నర్సింగరావుగారూ ఈ జిల్లావారే. సినిమా సంగీతం చేసినవారిలో వింజమూరి సీతగారు ఒకరు, నాగభూషణంగారు ఒకరు.

ఆ పాటలు ఇప్పుడు విన్నా ఒక సంగతి తెలుస్తుంది. వయొలిన్ల వరసలేవీ లేవు. పసులు కాసే పిల్లవాడి మీద సుద్దాల హనుమంతుగారు రాసిన పాటని సంధ్యగారు పాడారు. గొంతు తప్ప చెప్పుకోదగ్గ అలంకారం ఉండదు. వింటూంటే మన ఇంట్లో పిల్లవాడే కాలికి ముల్లు గుచ్చుకుని వాకిట్లో నిలబడ్డట్టుంటుంది. అట్కిన్స్‌గారు జేబులో చిల్లర గలగలలాడిస్తే, మన ప్రొడ్యూసరమ్మ చిల్లర చప్పుడు కూడా వినపడకుండా చేశారు. సినిమా సంగీతంలో ఎన్ని వాయిద్యాలు పెట్టావన్నదే గొప్ప. ఏది పెట్టకూడదో తెలియడం ఇంకో గొప్ప. కూరలో ఉప్పు సరిపోయిందని తెలిసి చెయ్యి వెనక్కి తీసుకోవడంలాంటిది.

ఆ సినిమాలోనే గొంగడి భుజానేసుకుని గద్దర్ పాడిన పాట ఒకటుంది. నైజాం సర్కారుని పేరు పెట్టి నిలదీసే పాట. గద్దర్‌గారు తూప్రాన్‌లో పుట్టినవారు, అదీ పాత మెదక్ జిల్లాయే. 2023 ఆగస్టులో ఆయన పోయినప్పుడు టీవీలో ఆ పాటే మళ్లీ మళ్లీ వేశారు. ఆ పాట ఆయనే రాశారని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. రాసింది బండి యాదగిరి. తెలంగాణ సాయుధపోరాటంలో పాల్గొన్న మనిషి. పాట ఊరూరా తిరిగి, గొంతు గొంతూ మారి, రాసినవాడి పేరు దారిలో ఎక్కడో జారిపోయింది. పాట గెలిచింది, పేరు ఓడింది. ఇది నన్ను ఎప్పటినించో తొలిచే విషయం. అద్దం అవతలి మనిషి పాటని భద్రంగా దాటించొచ్చు. పేరుని దాటించగలదా?

ఈ ప్రశ్నకి నాకో జవాబు చెప్పిన మనిషి మైకు ముందు ఎన్నడూ పాడలేదు. ముత్తంగి నించి మా వీధికి కూరగాయలు తెచ్చే అవ్వ.

మేం పటాన్‌చెరులో కాపురం పెట్టేనాటికే ఇక్కడ ఫ్యాక్టరీలు వచ్చేస్తున్నాయి. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ 1960లలోనే వచ్చింది. 1972లో ఇక్రిశాట్ వచ్చింది. తర్వాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం వరసగా మందుల కంపెనీలూ రసాయనాల కంపెనీలూ ఇనప కంపెనీలూను. బొంబాయి రోడ్డు మీద లారీల మోత. అయినా మధ్యమధ్య వరిమళ్లు మిగిలి ఉండేవి. వానాకాలం బస్సు కిటికీలోంచి చూస్తే, ఒక పక్క పొగగొట్టం, ఇంకో పక్క మోకాళ్లలోతు బురదలో వంగిన ఆడవాళ్ల వరస.

అవ్వ బాగా పాడుతుందని పక్కింటావిడ చెప్పింది. మావారు అప్పుడే ఒక టూ-ఇన్-వన్ కొన్నారు. ఇంకేం, నాకు ప్రొడ్యూసరు కావాలని సరదా పుట్టింది. ఒక మధ్యాహ్నం అవ్వ గంప దించగానే కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, క్యాసెట్టు పెట్టి, ఎర్ర బొత్తాం నొక్కి, "పాడు అవ్వా" అన్నాను. అవ్వ మూడుసార్లు దగ్గింది. ఒక ముక్క పాడి ఆపేసింది. మళ్లీ ఎత్తుకుని మళ్లీ ఆపేసింది.

"రాదు బిడ్డా," అంది. "కుర్సీల కూసుంటె యాడ వస్తది? నడుం వంగితెనే వస్తది."

లేచి, కొంగు నడుముకి దోపి, మా వరండాలో నిజంగానే వంగింది. ఎడమచేతిలో నారుకట్ట ఉన్నట్టు పట్టుకుని, కుడిచేత్తో నేల మీద నాటుతూ, ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ ఎత్తుకుంది. అప్పుడొచ్చింది పాట! దగ్గూ లేదు, తడబాటూ లేదు. మొక్క నాటినప్పుడల్లా మాట మీద ఒక ఊపు. ఊపిరి పీల్చుకునే చోటు సరిగ్గా నారు మార్చుకునే చోటే. వరండా ఈ చివర్నించి ఆ చివరికి వెళ్లేసరికి పాట అయిపోయింది. అవ్వ వరండాని మడిగా కొలిచేసింది!

సంగీతం గురించి నేను చదివిన పుస్తకాలన్నీ ఒక ఎత్తు, ఆ పది నిమిషాలు ఒక ఎత్తు. పాట గొంతులో ఉండదు, పనిలో ఉంటుంది. పని తీసేస్తే పాట నిలబడటానికి నేల ఉండదు.

ఆ నేల తర్వాత నిజంగానే పోయింది. మళ్లు ప్రహరీగోడల లోపలికి వెళ్లాయి. నక్కవాగు నీళ్లు పాడైన సంగతి 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అవ్వ కోడలు ఒక కంపెనీలో ప్యాకింగు పనికి కుదిరింది. "అక్కడ పాడుకుంటారా?" అని అవ్వనడిగితే నవ్వింది. "మిషను సప్పుడుల ఎవరి పాట ఎవరికి ఇనపడ్తది? పాడితె సూపరైజరు ఒర్లుతడు. గని పానం సుఖమే బిడ్డా, ఎండ లేదు, బురద లేదు, నెల కాంగనె పైసలొస్తయి." అవ్వ మాటల్లో ఏడుపు లేదు. పాట పోయిందని మనం ఇక్కడ ఫ్యాను కింద కూచుని బెంగపెట్టుకుంటాం. బురదలో నడుం విరిగినవాళ్లు ఆ బురద కావాలని కోరుకోరు. కోడలు నీడపట్టున పని చెయ్యాలి, పాటా ఉండాలి అంటే, ఆ పాటని ఎవరో ఒకరు మోసుకుని ఇటు దాటించక తప్పదు. సీతగారిలాంటివాళ్ల పని ఎంత విలువైందో నాకు తెలిసింది ఆ మాటతోనే. వాళ్లు చేసింది వినోదం కాదు, ఇల్లు మారేవాళ్ల సామాను పగలకుండా దించడం.

ఇక పేరు సంగతి. పాట అయ్యాక, క్యాసెట్టు మీద రాద్దామని పెన్ను తీసి, "నీ పూర్తి పేరు చెప్పవ్వా, నీ పాటని రాస్తాను" అన్నాను. పెద్ద గౌరవం చేస్తున్నాననే నా ఉద్దేశం. అవ్వ చెయ్యి అడ్డంగా ఊపేసింది.

"నా పాటేంది? మా అత్త పాట. ఆమె నోట్లకెల్లి నేర్సుకున్న. ఆమె అవ్వగారి ఊరు రుద్రారం దిక్కు. ఆడికెల్లి తెచ్చుకున్నది."

"మీ అత్త నిన్ను బాగా చూసుకునేదా?"

"యాడిది! మస్తు తిట్టేది. పెండ్లయిన ఏడాది బుక్కెడు బువ్వ కడుపునిండ తిననియ్యలె. గని పాట పాట్నే కద. ఆమెది ఆమెకె రాయాలె."

నేను మాట్లాడలేకపోయాను. తిట్టిన అత్తకి కూడా పాట అప్పు ఎగ్గొట్టని మనిషి! జానపదానికి పేరు ఉండదని మనం తీర్మానించేశాం. ఉంది. కాకపోతే ఒక్క పేరు కాదు, పేర్ల గొలుసు. అవ్వకి అత్త, అత్తకి వాళ్లమ్మ, ఆవిడకి ఇంకెవరో. రేడియోలో ఒక్క పేరు చెప్పేపాటి వ్యవధే ఉంటుంది. రికార్డు మీద అతికించే కాగితం అరచెయ్యంత. అంత గొలుసు పట్టదు. అందుకే "జానపదం" అని ఒక్క మాట రాసి ఊరుకున్నారు.

ఇది మన దగ్గరే కాదు. నేను ముందు చెప్పిన ఏ.పి. కార్టర్ తర్వాత తర్వాత కొండలన్నీ తిరిగి పాటలు పోగుచేశాడు. ఆయన వెంట లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారు కళాకారుడు తిరిగేవాడు. కార్టర్ మాటలు రాసుకుంటే, రిడిల్ వరస గుర్తుపెట్టుకునేవాడు. పాటలు కార్టర్ పేరు మీద అచ్చయ్యాయి. హక్కుల్లో ప్రొడ్యూసరుగారికీ భాగం. రిడిల్ పేరు చాలా ఏళ్లు ఎవరికీ తెలీదు. వాళ్లకి పాడినవాళ్ల పేర్లు సరేసరి.

ఇప్పుడు కాలం మళ్లీ తిరగబడింది. ఇస్నాపూర్ చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కండి, డ్రైవరు సెల్లులోంచి వచ్చేది సినిమా పాట కాదు, జానపదమే. పెళ్లి బరాతులోనూ అదే. ఒక చిన్న గదికి గోడలనిండా స్పాంజి అతికించి, ఒక మైకూ కంప్యూటరూ పెట్టుకుంటే కుర్రవాడు ప్రొడ్యూసరైపోయాడు. పాడే పిల్లకి ఆడిషను లేదు, గ్రేడు లేదు. యాస దిద్దేవాళ్లు అసలే లేరు, అందుకు నాకు ఎంత సంతోషమో! ఆ మూడు నిమిషాల కొలత మాత్రం అలాగే ఉంది. డప్పు బదులు యంత్రం దరువు వేస్తుంది. దరువు ఎక్కడా ఊపిరి పీల్చుకోదు, నారు మార్చుకునే చోటు అందులో ఉండదు. అయినా ఆటోలో కూచున్న షిఫ్టు పిల్లలు, బీహారునించీ ఒడిశానించీ వచ్చినవాళ్లతో సహా, తలలూపుతూ వింటారు. పాట బతికే ఉందన్నమాట.

ఆ వీడియోల కింద పేర్లు రాస్తారు. గానం ఫలానా, నాట్యం ఫలానా, ఎడిటింగు ఫలానా. మంచిదే. ఈమధ్య కొన్నిటి కింద "సేకరణ" అన్న మాట కూడా చూశాను. ఆ మాట చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. ఇది నా సొంతం కాదు, ఒకరి దగ్గర తెచ్చుకున్నాను అని ఒప్పుకునే మాట అది. మన ఇళ్లల్లో చేబదులు తెచ్చుకున్న గిన్నె ఖాళీగా తిరిగివ్వం కదా, కాస్త పప్పో బెల్లమో వేసి ఇస్తాం. పాట విషయంలో ఆ పప్పూ బెల్లమూ ఆ ఒక్క మాటే.

సీతగారు 2016లో అమెరికాలో కన్నుమూశారు. 2019లో అనసూయగారు హ్యూస్టన్‌లో పోయారు. ఇద్దరి గొంతులూ రికార్డుల మీద నిలిచే ఉన్నాయి. జానపద ప్రొడ్యూసరు జీవితంలో గెలుపు అంటే ఏమిటని నన్నడిగితే, బంగారు రికార్డులూ బహుమతులూ కాదంటాను. తను ఏ మట్టిలో పుట్టలేదో ఆ మట్టి పాటని, ఆ మట్టివాళ్లు విని "ఇది మాదే" అని గుర్తుపట్టేలా దాటించడం. "మా భూమి" పాటలు మా జిల్లావాళ్లు అలాగే గుర్తుపట్టారు. అంతకన్నా ఏం కావాలి?

మిగిలిన పని మాత్రం మనది. అద్దం అవతల కూచోవడానికి మనకెవరూ ఉద్యోగం ఇవ్వక్కర్లేదు. ఇంట్లో పెద్దావిడ తలుపు చాటున తులసమ్మ పాటో లాలిపాటో మంగళహారతో పాడుతూంటే, సెల్లు తీసి ఎర్ర బొత్తాం నొక్కండి. కుర్చీలో కూచుని రాకపోతే నిలబడి పాడనివ్వండి, పిల్లాణ్ణి ఊపుతూ పాడనివ్వండి. అయ్యాక "ఇది ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అని ఒక్క ప్రశ్న అడిగి, ఆ జవాబు కూడా రికార్డు చెయ్యండి. రేపు మీ అమ్మాయి ఆ పాట పాడి, "ఇది మా అమ్మ నేర్పింది" అంటుంది. మీకు గర్వంగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ పాట మీకు మీ అత్తగారి నించి వచ్చిందే అయితే, ఆ సంగతి కూడా మెల్లిగా చెప్పెయ్యండి. అవ్వ అన్నట్టు, తిట్లు తిట్లే, పాట పాటే.